తన పేరు తప్ప

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరా చేరబోయే ముందు టికియాపారా దగ్గర నిలబడిపోతుంది. టైంటేబుల్లో ఆ ఊరి పేరుండదు. సిగ్నల్ కోసం నిలబడుతుంది, అంతే. ఒక పక్క యార్డులో పెట్టెలు కడుగుతూ ఉంటారు. ఇంకో పక్క లోకల్ బళ్లు విసురుగా పోతుంటాయి. చిన్నప్పుడు ఆ ఆగుడు కోసమే నేను కిటికీ వదలకుండా కూర్చునేవాణ్ణి. పట్టాలకవతల, బెలిలియస్ రోడ్డు వెనక సందులో మా మావయ్య లేతు మిషను తిరుగుతూ ఉండేది. బండి నిలబడ్డ నిశ్శబ్దంలో ఆ సందుల రొద వినబడేది. ఇనుము మీద ఇనుము రాసుకునే ఆ సన్నటి కీచులో మావయ్యది ఏదో నేను పోల్చుకోగలనని అమ్మతో పందెం కట్టేవాణ్ణి.

ఇప్పుడు ఆ మిషను లేదు. మావయ్యా లేడు. ఆ షెడ్డులో ఎవరో అట్టపెట్టెల గోదాం పెట్టుకున్నారు. జరిగినదంతా తెలిసినవాణ్ణి కాబట్టి, ఎక్కడెక్కడ అది జరగకుండా ఉండేదో కూడా నాకు తెలుసు. ఈ రాత ఆ చోట్ల దగ్గర మళ్లీ మళ్లీ ఆగుతుంది.

మావాళ్లు సోంపేట వైపువాళ్లు. 1900లో బెంగాల్ నాగపూర్ రైలుదారి హౌరా చేరాక, శ్రీకాకుళం సీమ నుంచి పట్టాల వెంబడే ఉత్తరానికి పోయిన కుటుంబాలకి లెక్కలేదు. ఎక్కువమంది ఖరగ్‌పూర్‌లో దిగిపోయారు. కొందరు దారి చివరిదాకా పోయారు. మావయ్య పదిహేనో ఏట ఆ చివర దిగాడు. ఓ బెంగాలీ మేస్త్రీ దగ్గర ఇనప రజను ఊడ్చాడు, ఆకురాయి పట్టాడు, లేతు మీద చెయ్యి వేయనిచ్చేదాకా నాలుగేళ్లు ఓర్చుకున్నాడు. ముప్ఫయ్యో పడిలో సొంత మిషను కొన్నాడు. సెకండ్ హ్యాండుదే. దానికి కుంకుమ బొట్టు పెట్టిన ఫొటో అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది.

ఆ రోజుల హౌరాని తూర్పు షెఫీల్డ్ అనేవారు. మావయ్య ఆ మాట ఎంత గర్వంగా పలికేవాడో! షెఫీల్డ్ ఎక్కడుందో ఆయనకు తెలీదు. నాకు తెలిసింది చాలా ఏళ్ల తరవాత. అక్కడి కత్తుల పనివాళ్లకి 1624లోనే చట్టం ద్వారా ఒక సంఘం ఏర్పడింది. ఎవరు చేసిన కత్తి మీద వారి గుర్తు ఉండాలని, ఆ గుర్తు సంఘం పుస్తకంలోకి ఎక్కాలని నియమం. అంటే షెఫీల్డ్‌లో ఇనుముకే కాదు, పేరుకీ పాత చరిత్ర ఉంది. హౌరాకి వాళ్ల బిరుదు వచ్చింది, వాళ్ల గుర్తు రాలేదు. బర్న్ కంపెనీ వ్యాగన్లలో, జనపనార మిల్లుల మగ్గాల్లో, పంపుల్లో, రోడ్ల మధ్య మూతల్లో ఈ సందుల్లో తిప్పిన ముక్కలు ఎన్నో ఉన్నాయి. వాటి మీద ఉన్నవి ఆర్డరిచ్చినవాళ్ల పేర్లు. చేసినవాడి పేరు ఒక్కదాని మీదా లేదు.

మావయ్యకి బాగా చేతనైన పని పంచ్‌లు చెక్కడం. లోహం మీద పేరు అచ్చు కొట్టే ఉక్కు ముక్కలవి. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. ఇంగ్లీషు చదవడం సరిగ్గా రాని మనిషి, ఇంగ్లీషు అక్షరాల్ని తిరగేసి వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కేవాడు. భూతద్దం కంటికి ఇరికించుకుని, ఊపిరి బిగబట్టి, చిన్న ఉలితో ఒక్కో పొరా లేపుతుంటే నేను పక్కన స్టూలు మీద కదలకుండా కూర్చునేవాణ్ణి. చెక్కడం అయ్యాక ఓ సీసం ముక్క మీద కొట్టి చూపించేవాడు. తిరగబడ్డ అక్షరాలు తిన్నగా నిలబడేవి. ఎన్నో కంపెనీల పేర్లు అలా ఆయన చేతి కింద పుట్టాయి. ఒకసారి అడిగాను, "మావయ్యా, నీ పేరు ఎప్పుడు చెక్కుతావు?" అని. నవ్వి, "మన పేరెవుడికి కావాలల్లుడా, పని కావాల గానీ" అన్నాడు.

హౌరా ఒక్కరోజులో కూలలేదు. 1950ల్లో ఢిల్లీ, దేశమంతటా ఉక్కు ఒకే ధరకు అందేలా రవాణా ఖర్చును సమం చేసింది. గనుల పక్కన ఉండటమనే తూర్పు ప్రాంతపు వరం అప్పుడే పోయింది. 1960ల నడుమ రైల్వే వ్యాగన్ల ఆర్డర్లు తగ్గాయి. పెద్ద కంపెనీలు దగ్గితే చిన్న సందులకి జ్వరం వచ్చేది. 2018లో బర్న్ స్టాండర్డ్‌ని మూసేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించిన రోజు మావయ్య ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. "పెద్ద చెట్టు పడిపోయిందల్లుడా" అని మాత్రం అన్నాడు.

తరవాత 2020 మార్చి వచ్చింది. దేశం తలుపులు వేసుకుంది. లోకల్ బళ్లు ఆగిపోయాయి. బెలిలియస్ రోడ్డు వెనక రొద తగ్గి, తగ్గి, ఓ రోజు పూర్తిగా ఆగింది. నలభై ఏళ్లలో మొదటిసారి టికియాపారాలో పిచుకలు వినబడ్డాయని అత్తయ్య చెప్పింది. ఆమె అది సంతోషంగా చెప్పలేదు.

పని లేని ఆ నెలల్లోనే మావయ్య కొడుక్కి ఆ ఆలోచన వచ్చింది. కాలేజీ చదివిన పిల్లాడు. జనం ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కొంటున్నారు, మనం వస్తువు చేసి తిన్నగా వాళ్లకే అమ్మితే మధ్యలో ఎవరూ ఉండరు కదా అన్నాడు. ప్రెషర్ కుక్కర్లు చేద్దామనుకున్నారు. అల్యూమినియం గిన్నెలు ప్రెస్సు వాళ్ల దగ్గర గీయించుకోవచ్చు. అంచులు తిప్పడం, మూత కూర్చడం, పిడులు బిగించడం, బఫింగ్ పట్టడం ఇంట్లోనే. రబ్బర్లూ, వెయిట్లూ, సేఫ్టీ వాల్వులూ బడాబజార్‌లో డజన్ల లెక్కన దొరుకుతాయి.

మావయ్య ఎంత శ్రద్ధగా చేశాడో నేను చూశాను. ఆ శీతాకాలం వెళ్లినప్పుడు షెడ్డు మూల కిరసనాయిలు స్టవ్వు వెలుగుతోంది. తయారైన ప్రతి కుక్కర్లోనూ గ్లాసుడు నీళ్లు పోసి, మూత బిగించి, మూడు కూతలు వచ్చేదాకా తల వాల్చి వినేవాడు. కూత గొంతు బొంగురుగా ఉంటే విప్పేసి మళ్లీ అంచు తిప్పేవాడు. చల్లారాక మూత తీసి లోపలంతా వేలు పెట్టి తడిమేవాడు. ఆ వేలికొసల్లో నలభై ఏళ్ల చదువు ఉంది.

కానీ కుక్కరు వేలికొసలకి లొంగే వస్తువు కాదు. ఈ మాట నేను కష్టం మీద ఒప్పుకున్నాను. లోపల నీళ్లు నూట ఇరవై డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఆవిరి చదరపు సెంటీమీటరుకి కిలో బరువుతో గోడల్ని తోస్తుంది. వెయిట్ రంధ్రంలో పప్పు పొట్టు అడ్డం పడితే ఆదుకోవాల్సింది సేఫ్టీ వాల్వులోని చిన్న లోహపు బిళ్ల. వేడి మీరగానే అది కరిగి ఆవిరికి దారి ఇవ్వాలి. కరగవలసినప్పుడు కరగకపోతే మూత బాంబై లేస్తుంది. మా పెద్దమ్మ గడ్డం కింద నుంచి కుడి మోచేతి దాకా అలా కాలిన మచ్చ ఉండేది. సంతలో కొన్న కుక్కరు. పేరు లేదు, ఊరు లేదు. పెదనాన్న ఆ మూత పట్టుకుని సంతంతా తిరిగాడు, ఎవరినడగాలో తెలియక తిరిగొచ్చాడు. పెట్టె మీద చిరునామా ఉండాలనే నియమం వెనక అలాంటి మచ్చలున్నాయి. తలుపు తట్టడానికో గుమ్మం ఉండాలి కదా.

ఆ గుమ్మం కోసమే చట్టాలు వచ్చాయి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం పెట్టె మీద తయారుచేసినవారి పేరు, చిరునామా, సరుకు పేరు, పరిమాణం, తయారైన నెల, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. అవి ఇంగ్లీషులోనో దేవనాగరిలోనో ఉండాలి. ఈ వివరాల్లో చాలావాటిని అమ్మకపు తెర మీద కూడా చూపించాలని 2018 జనవరి 1 నుంచి ఆన్‌లైన్ అంగళ్లకీ వర్తింపజేశారు. ఇక కుక్కర్ల సంగతి వేరు. 2020 జనవరి 21న కేంద్రం ప్రత్యేకంగా ఉత్తర్వు తెచ్చింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి అది అమలైంది. ఐఎస్ 2347 ప్రమాణానికి సరిపోని, ఐఎస్‌ఐ ముద్ర, దాని కింద లైసెన్సు నంబరు లేని ఇంటివాడకపు కుక్కరు తయారుచేయడం, అమ్మడం, గోదాంలో ఉంచడం కూడా నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షలకు తగ్గని జరిమానా.

ఈ వార్త నేను చదివాను. మొదటి చోటు అదే. అదే నన్ను ఈ రోజు దాకా నిద్రపోనివ్వదు. విశాఖలో, ఆఫీసు క్యాంటీన్‌లో, పేపరు లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. ఇది పెద్ద కంపెనీల గొడవ అనుకుని పేజీ తిప్పాను. టికియాపారా షెడ్డు మూల తల వాల్చి కూతలు వింటున్న మనిషి ఆ క్షణాన నాకు తట్టలేదు. ఒక్క ఫోను. రెండు నిమిషాలు. మావయ్య నా మాట తీసేసేవాడు కాదు.

రెండో చోటు ఫోన్ తెర మీద. అమ్మకానికి పెట్టేటప్పుడు ఆ ఆన్‌లైన్ అంగడి చాలా గడులు నింపమంది. జీఎస్టీ నంబరు తప్పయితే ముందుకు పోనివ్వలేదు. బ్యాంకు వివరాలు తప్పయినా అంతే. ధ్రువపత్రం నంబరు అడిగిన గడిలో మాత్రం పిల్లాడు వర్తించదని కొడితే పచ్చటి టిక్కు పడింది. ఆ గడి కూడా అంగడి డబ్బు లెక్కల గడి అంత గట్టిగా నిలబడి ఉంటే? పిల్లాడు ఆ రాత్రి వాళ్ల నాన్నని అడిగేవాడు. నాన్న ఎవరినో అడిగేవాడు. కుక్కర్లు మానేసి మూకుడో, పెనమో చేసుకునేవారు. పచ్చ టిక్కు చూసి అత్తయ్య పాయసం చేసింది.

మొదటి ఆర్డరు వచ్చిన రోజు మావయ్య చేసిన పని పిల్లాడు తరవాత చెప్పాడు. పాత ఉక్కు ముక్క ఒకటి తీసి, భూతద్దం పెట్టుకుని, రాత్రంతా చెక్కాడట. పొద్దున్న ఆ పంచ్‌ని మూత అంచు దగ్గర పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. తెలుగక్షరాలు. పొట్టిగా, గుండ్రంగా, మినప్పప్పంత. 'సోంపేట'. అప్పుడు కూడా తన పేరు చెక్కుకోలేదు. ఊరి పేరు చెక్కాడు.

వందకు పైగా కుక్కర్లు అలా పోయాయి. పెట్టెల మీద అంటించే చిరునామా కాగితాల్ని మావయ్య పిల్లాడి చేత పైకి చదివించుకునేవాడట. దుర్గాపూర్, రాంచీ, రాయ్‌పూర్, కటక్. ఓ రోజు చదువుతూ పిల్లాడు ఆగిపోయాడు. కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా. సోంపేటకి గట్టిగా గంట దారి. మావయ్య ఆ కుక్కరుని పెట్టెలోంచి బయటికి తీయించి, ఇంకోసారి నీళ్లు పోసి, ఇంకో మూడు కూతలు విన్నాడు.

మూడో చోటు కలకత్తా. భారత ప్రమాణాల సంస్థ తూర్పు ప్రాంత కార్యాలయం అక్కడే ఉంది. టికియాపారా నుంచి నది దాటి గంటలో చేరొచ్చు. పక్క షెడ్డు ముసలాయన ఎవరో ఐఎస్‌ఐ సంగతి చెవిన వేస్తే మావయ్య ఓ ఉదయం బయల్దేరాడు. హౌరా వంతెన మీద వాన పట్టుకుంది. చేతిలో సంచీలో కుక్కరుంది. తడిసిన బట్టలతో అలాంటి ఆఫీసు మెట్లెక్కడానికి మొహమాటపడి వెనక్కి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. చిన్నవాళ్లకి రుసుములో రాయితీ ఉందని, దరఖాస్తు ఎలా పెట్టాలో చెబుతారని ఆయనకి తెలిసే దారి ఆ వానలో మూసుకుపోయింది. వెళ్లినా ఆ పరీక్షా సాధనాలు, పగిలేదాకా ఒత్తిడి పెట్టి చూసే ఆ పరీక్షలు ఆయన స్తోమతకి అందేవో లేదో. కానీ కనీసం ఆ రోజే ఆపేసేవాడు. గది నిండా సరుకు చేరకముందే.

2021 డిసెంబరు 6న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దేశమంతటికీ హెచ్చరిక ఇచ్చింది: ముద్ర లేని హెల్మెట్లు, కుక్కర్లు, వంటగ్యాసు సిలిండర్లు కొనవద్దని. పేటీఎం మాల్, స్నాప్‌డీల్, ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ ఒక్కొక్కటిగా విచారణలోకి వచ్చాయి. 2022 ఆగస్టు నాటి అమెజాన్ ఉత్తర్వు నేను పూర్తిగా చదివాను, ఈసారి పేజీ తిప్పలేదు. ఆ వేదిక మీద అమ్ముడైన ముద్ర లేని కుక్కర్లు 2,265. వాటి మీద వేదికకి వచ్చిన రుసుములు 6,14,825 రూపాయలు. లక్ష రూపాయల జరిమానా వేసి, కొన్నవాళ్లందరికీ తెలియజేయమని, సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వమని ఆదేశించారు. ప్రతి అమ్మకం మీదా సంపాదించేవారు కష్టం వచ్చినప్పుడు మాకేం సంబంధమని తప్పుకోలేరన్నది దాని సారం. న్యాయమైన మాట. ఆ మాట రెండేళ్ల ముందు, పచ్చ టిక్కు పడిన రాత్రి, ఎవరైనా అనుకుని ఉంటే ఎంత బాగుండేది.

మావయ్య సరుకు అమ్మిన అంగడి దీనికి ఆరు నెలల ముందే నిశ్శబ్దంగా పని ముగించింది. ఓ పొద్దున్న తెర మీద కుక్కరు బొమ్మ బూడిదరంగుకి మారింది. కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు, ధ్రువపత్రాలు జతచేయండి అని. గోదాంలో ఉన్న సరుకు లారీ ఖర్చు మీ మీదే అంటూ తిరిగి వచ్చింది. గది సగం, పైకప్పు దాకా పెట్టెలు. వాటిని అమ్మకూడదు, ఉంచకూడదు. అప్పు తెచ్చిన డబ్బంతా ఆ పెట్టెల్లో మెరుస్తూ కూర్చుంది.

నేను వెళ్లేసరికి మావయ్య ఆ పెట్టెల మధ్య పీట వేసుకుని ఉన్నాడు. కోపం లేదు. "సట్టం తప్పు కాదల్లుడా. అక్క సెయ్యి నేను సూడ్లేదా?" అన్నాడు. కాసేపాగి, "సేసినోడి పేరు ఎట్టమని అడుగుతున్నారు. ఇన్నాళ్లకి అడిగారు" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం ఉంది. నలభై ఏళ్లుగా ఎవరైనా అడుగుతారని ఎదురుచూసిన ప్రశ్న, ఆయన దగ్గర జవాబు లేని రోజున వచ్చింది.

ఆయన దిగులంతా వెళ్లిపోయిన కుక్కర్ల గురించి. బడాబజార్ వాల్వులు మంచివో కావో ఇప్పుడనుమానం పట్టుకుంది. కొన్నవాళ్లకి కబురు చేయాలి, చిరునామాలు ఇవ్వండని ఆ అంగడికి పిల్లాడి చేత మూడుసార్లు రాయించాడు. కొనుగోలుదారుల వివరాలు ఇవ్వడం కుదరదని జవాబు వచ్చింది. ఆయనకి గుర్తున్నది ఒక్కటే. "కాసీబుగ్గ పాత బజారు, రామాలయం ఈది. నువ్వు ఎల్లి సెప్పాల. ఆ వాల్వు మార్చుకోమనో, అసలు వాడొద్దనో సెప్పాల. మన పిల్ల లాటిదే కదా, ఏ ఇల్లాలో."

సరే అన్నాను. వెళ్లలేదు. ఆ నెల ఆఫీసు పని, పై నెల పెళ్లి, తరవాత వానలు.

పెట్టెలు విప్పి, పిడులు పీకి, కుక్కర్లని సుత్తితో చదును చేసి పాత సామాన్ల వాడికి తూకానికి వేశారు. సుత్తి ఎవరికీ ఇవ్వకుండా మావయ్యే కొట్టాడట. తరవాత లేతు మిషను అమ్మేశారు. దాన్ని తీసుకుపోవడానికి గోడ కొంత పగలగొట్టాల్సి వచ్చింది. పిల్లాడు ఇప్పుడు సాంత్రాగాచీలో ఓ పార్సిల్ కంపెనీలో ఇతరుల పెట్టెల మీద చిరునామాలు సరిచూస్తాడు. మావయ్య ఆ మరుసటి ఏడు చలికాలంలో నిద్రలో వెళ్లిపోయాడు.

పెద్దకర్మ అయిన వారానికి నేను కాశీబుగ్గలో దిగాను. పాత బజారు, రామాలయం వీధి. నాలుగో ఇంట్లో అడిగితే ఐదో ఇల్లు చూపించారు. పాతికేళ్ల అమ్మాయి, చంకలో పిల్లాడు. కుక్కరు సంగతని చెబితే కంగారుపడి, తరవాత నవ్వి లోపలికి వెళ్లి తెచ్చింది. తోమి తోమి అద్దంలా ఉంది. మూత అంచున నల్లగా, చదవడానికి వీలుగా, ఊరి పేరు.

"ఆన్‌లైన్‌లో తెప్పించామండి. వచ్చాక చూస్తే మన సోంపేటలో చేసిందే! మా అత్తగారు ఎంత సంబరపడ్డారో. మంచి కుక్కరండి, ఒక్కనాడు ఇబ్బంది పెట్టలేదు. రబ్బరొక్కటే పాతబడింది, ఎక్కడ దొరుకుతుందో పెట్టె మీద చూద్దామంటే అడ్రసు లేదు. మీరు ఆ కంపెనీ వాళ్లా?"

నేను మూత చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు ఆ అక్షరాల మీద పడింది. ఆ కుక్కరు చెడ్డదని నాకు తెలీదు. మంచిదని తేల్చినవాళ్లూ లేరు. మూడు కూతలు, మళ్లీ మూడు కూతలు, వాటికి ముద్ర లేదు.

"ఇది వాడకండమ్మా" అన్నాను. వాల్వు సంగతి చెప్పాను. ముద్ర ఎక్కడుంటుందో, కింద నంబరు ఎలా ఉంటుందో కొత్తది కొనేటప్పుడు చూసుకోమన్నాను. కొత్తదానికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మూత వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"మరి ఇది ఎవరు చేశారండీ?"

మావయ్య పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా, ఆమెకి పూర్తిగా వినబడేలా.